బిల్డర్ల చేత పేదలకు ఫ్లాట్లు ఇప్పించడం అయ్యే పనేనా?

రామంతపూర్ వాసి: మొన్న హైదరాబాదులో మా వార్డు సభలో ఒక నాయకుడు మాటిచ్చారు. టవర్లు కట్టే ప్రతి బిల్డరు చేతా నూటికి పది ఫ్లాట్లు పేదలకు ఇప్పిస్తారట. చప్పట్లు మాత్రం బాగానే పడ్డాయి. ఇది నిజంగా జరిగేదేనా?

పాత ఇంజినీరు: బేరానికి కూర్చునేవాడి చేతిలో ఏదో ఒకటి ఉండాలి కదండీ. ముంబైలో మురికివాడవాళ్లకు ఉచితంగా ఇళ్లు కట్టించిన బిల్డరుకు, బదులుగా అదనపు విస్తీర్ణం కట్టుకుని అమ్ముకునే హక్కు ఇస్తారు. మన దగ్గర ఇంత స్థలంలో ఇంత విస్తీర్ణమే కట్టాలన్న పరిమితినే 2006లో ఎత్తేశారు. రోడ్డు వెడల్పు, చుట్టూ వదలాల్సిన ఖాళీ, అగ్నిమాపక శాఖ, విమానాశ్రయం అనుమతులు కుదిరితే ఎన్ని అంతస్తులైనా లేపుకోవచ్చు. అడగకముందే అన్నీ ఇచ్చేశాక ఇంక దేనికి బదులుగా అడుగుతారు? తాళంచెవులు ఇచ్చేసి, తర్వాత అద్దె మాట్లాడుకున్నట్టుంది.

మణికొండ: చేతిలో ఏమీ లేదంటే ఒప్పుకోను. భూమి ఉందిగా! 2023లో కోకాపేటలో హెచ్‌ఎండీఏ, అంటే మన నగరాభివృద్ధి సంస్థ, వేలం వేస్తే ఒక ప్లాటుకు ఎకరం ధర వంద కోట్లు దాటింది. ఇన్ని ఫ్లాట్లు పేదలకు కట్టివ్వాలని వేలం షరతుల్లోనే రాస్తే సరి. ధర తగ్గుతుందంటారా, తగ్గనివ్వండి. అసలు అడ్డంకి అదే. ఖజానాకు ఆ డబ్బు కావాలి, వేదిక మీద ఈ హామీ కావాలి.

కొల్లూరు నుంచి: ఎవరు కట్టినా సరే, ఎక్కడ కడతారో కూడా అడగండి. 2023లో నగర శివార్లలో, మా కొల్లూరులో ప్రభుత్వం పేదల కోసం కట్టిన 15,660 డబుల్ బెడ్‌రూమ్ ఇళ్లు ప్రారంభించారు. మాకూ ఒకటి వచ్చింది. ఇల్లు బాగుంది, అబద్ధం ఆడను. కానీ నేను వంట చేసే ఇళ్లు సికింద్రాబాదులో ఉన్నాయి. ఏడింటికి అక్కడ పొయ్యి వెలగాలంటే నేను చీకటితోనే బస్టాపులో నిలబడాలి. మూడు ఇళ్లలో రెండు వదులుకున్నాను. బోయిగూడ ఐడీహెచ్ కాలనీలో పాత ఇళ్లు పడగొట్టి, 2015లో అక్కడే 396 ఇళ్లు కట్టి ఇచ్చారు. వాళ్ల పనులు పోలేదు.

పాత ఇంజినీరు: మణికొండగారి మాట ఒప్పుకుంటున్నాను, ప్రభుత్వ భూమి వరకే. సొంత స్థలంలో కట్టుకునే బిల్డరుకు ఆ షరతు తగలదు. మీ నాయకుడేమో ‘ప్రతి బిల్డరు’ అన్నారు.

రామంతపూర్ వాసి: అమ్మా, వచ్చే సభకు మీ బస్సు సంగతే తీసుకెళ్తాను. కొత్త ఫ్లాట్లు ఏ బస్తీలో వస్తాయో, ఏ సర్వే నంబరులో వస్తాయో కాగితం మీద రాసి ఇమ్మంటాను. మైకు ఇస్తారో లేదో చూడాలి.