నానావా మృతులకు బాధ్యులెవరు: జనరల్ కుంటా, ఆయన్ను పిలిపించినవాళ్లా?

కృష్ణాతీరం:
చాకో అనే ఎండు మైదాన ప్రాంతం కోసం బొలీవియా, పరాగ్వే చేసిన 1932–35 చాకో యుద్ధంలో బొలీవియా సైన్యాన్ని ఏడాదిపాటు నడిపింది జర్మన్ జనరల్ హాన్స్ కుంట్. పరాగ్వే చేతిలో ఓటమికి ఆయనే కారణమంటారు. నాకది అన్యాయం అనిపిస్తుంది. ఆయన 1932 డిసెంబరులో వచ్చేసరికే బొకెరోన్ స్థావరం చేజారింది. సైనికుల్లో ఎక్కువమంది ఆండీస్ కొండల్లోని అయ్మారా, కెచువా రైతులు. చలికి అలవాటుపడ్డ మనుషులు చుక్క నీరు దొరకని ముళ్లపొదల్లో, మండే ఎండలో పడ్డారు. దానికి కుంట్ ఏం చేస్తాడు?

పాతపటాలు:
నీళ్ల కరువు నిజమే. మరి పరాగ్వే స్థావరం నానావా సంగతో? 1933 జనవరిలో ఆ స్థావరం మీద దాడి చేయించాడు, పడలేదు. జూలైలో మళ్లీ అక్కడికే, నేరుగా ఎదురుగానే! ఈసారి విక్కర్స్ ట్యాంకులు తెచ్చారు, సొరంగం తవ్వి మందుపాతర పెట్టారు. అది పరాగ్వే కందకాల దాకా రాకుండా ఇవతలే పేలింది. మెషీన్‌గన్లకు ఎదురెళ్లి దాదాపు 2,000 మంది బొలీవియన్లు చచ్చిపోయారు. డిసెంబరులో కాంపో వియా దగ్గర శత్రువు చుట్టుముడుతున్నాడని పైలట్లు చెప్పినా ఆయన లెక్కచేయలేదు. 7,000 మందికి పైగా బందీలయ్యారు.

కృష్ణాతీరం:
1911లోనే వచ్చి ఆ సైన్యానికి శిక్షణ ఇచ్చిన మనిషండీ. సైనికుల తిండి, బట్ట స్వయంగా చూసుకునేవాడు. డబ్బు కోసం వచ్చిన కిరాయి మనిషిగా తీసిపారేయకండి.

దక్కన్ పాఠకురాలు:
డబ్బుకు వచ్చాడా, ప్రేమతో వచ్చాడా అన్నది నాకు ముఖ్యం కాదు. పరాగ్వే కూడా విదేశీయులను పెట్టుకుంది. రష్యన్ జనరల్ ఇవాన్ బెల్యాయెవ్ యుద్ధానికి ముందే ఏళ్ల తరబడి చాకో అంతా తిరిగి, స్థానిక తెగల సాయంతో మ్యాపులు గీశాడు. నీటి గుంటలు ఎక్కడున్నాయో కనుక్కున్నాడు. ఆయన దగ్గర ఆ విద్య తీసుకున్నారు, సైన్యం పగ్గాలు మాత్రం తమవాడైన ఎస్టిగరీబియా చేతిలోనే ఉంచారు. బొలీవియా అధ్యక్షుడు సలమాంకాకు సొంత సేనానుల మీద నమ్మకం లేక, 63 ఏళ్ల కుంట్‌ను పిలిపించి సైన్యం మొత్తం అప్పగించాడు. నా కోపం ముందు సలమాంకా మీదే. కుంట్‌ను తీసేశాక ఓటములేమైనా ఆగాయా? 1934 నవంబరులో విల్యామోంటెస్‌లో సలమాంకాను ఆయన సేనానులే నిర్బంధించి గద్దె దించారు.

పాతపటాలు:
పిలిపించిన తప్పు సలమాంకాదే, ఒప్పుకుంటాను. జూలైలో నానావా మీదికి మళ్లీ పొమ్మన్న ఉత్తర్వు మాత్రం కుంట్‌దే. ఆ చావులను ఇంకొకరి ఖాతాలో రాయనివ్వను.