పొగ తాగే పైప్‌లలో బిలియర్డ్ ఉంది, రెండోది ఏ ఆకారంలో తీసుకోవాలి?

పొగాకు మడి:
నా దగ్గరున్నది నిటారు బిలియర్డ్ ఒక్కటే. పొడవు 14 సెం.మీ., బరువు 48 గ్రాములు. ఎక్కువగా తాగేది వర్జీనియా ఫ్లేక్ (నొక్కి పలచటి పలకలుగా కోసిన పొగాకు). చదువుకుంటూ పళ్ళతో పట్టుకుంటే పావుగంటకే దవడ లాగేస్తోంది. బెంట్ (వంగినది), డబ్లిన్ (పొగాకు నింపే గిన్నె పైకి వెడల్పయ్యేది), కెనేడియన్ (మెడ పొడవాటిది) మూడింట్లో ఏదో తేలడం లేదు. మీకు ఏ ఆకారం ఇష్టమో, ఎందుకో చెప్పండి. అందం సంగతి పక్కన పెట్టి, తాగేటప్పుడు వచ్చే తేడా కావాలి.

బ్రయర్ ముడి:
దవడ లాగడానికి బరువొక్కటే కారణం కాదండీ. ఆ బరువు పళ్ళకి ఎంత దూరంలో వేలాడుతోందో చూడాలి. నిండు చెంబుని చెయ్యి చాచి పట్టుకోవడం వేరు, ఒంటికి ఆనించి పట్టుకోవడం వేరు. బెంట్‌లో గిన్నె గడ్డం దగ్గరికి వస్తుంది, అందుకే తేలికగా అనిపిస్తుంది. నా ఓటు సగం బెంట్‌కి, అదీ 40 గ్రాముల లోపు.

ఊమ్ పాల్ లాంటి పూర్తి బెంట్ జోలికి మాత్రం చూడకుండా వెళ్ళకండి. వంపు ఎక్కువయ్యేకొద్దీ పొగ రంధ్రాన్ని గిన్నె అడుక్కి సూటిగా తొలవడం కష్టం. రంధ్రం అడుగు కన్నా 2, 3 మి.మీ. పైన తేలిందంటే కింది పొగాకు కాలదు, తడి ముద్దగా మిగిలిపోతుంది. కొనేముందు స్టెమ్ (నోట్లో పెట్టుకునే గొట్టం) తియ్యకుండానే పైప్ క్లీనర్ (నూలు చుట్టిన సన్నటి తీగ) దూర్చి చూడండి. గిన్నె అడుగున దాని కొస కనబడాలి. మధ్యలో తట్టుకుంటే కొసని సెంటీమీటరు మేర కొద్దిగా వంచి, తిప్పుతూ నెట్టండి. అప్పటికీ రాకపోతే ఆ పైప్ అక్కడే వదిలెయ్యండి. తాగుతుండగా గుడగుడమంటే తడి లాగే దారి ఉండదు.

నాటు చుట్ట:
వర్జీనియా తాగేవాళ్ళకి నేను కెనేడియనే చెప్తాను. అడ్డకోతలో కోడిగుడ్డు ఆకారంలో ఉండే పొడవాటి షాంక్ (గిన్నెకీ స్టెమ్‌కీ మధ్య చెక్క మెడ), పొట్టి స్టెమ్. షాంక్ గుండ్రంగా ఉండి స్టెమ్ మొదట్లో సన్నబడితే లొవాట్, స్టెమ్ వాలుగా సాగితే లివర్‌పూల్. మూడింట్లోనూ పొగ ఎక్కువ దూరం చెక్క గుండా వస్తుంది, దారి నిటారుగా ఉంటుంది, క్లీనర్ తడబడకుండా దూరుతుంది. బ్రయర్ ముడి గారన్నట్టు పళ్ళ మీద బరువు పడే మాట నిజమే, ఇవి చేత్తో పట్టుకుని తాగేవాళ్ళకే.

ఒక జాగ్రత్త: షాంక్ గోడ పలచన. వేడి మీద స్టెమ్ లాగితే టెనన్ (షాంక్‌లోకి దూరే స్టెమ్ కొస) విరుగుతుంది, లేదా షాంక్ నోరు చీలుతుంది. పైప్ పూర్తిగా చల్లారాక, తిప్పుతూ తియ్యాలి. అటూ ఇటూ ఊపకూడదు.

సాయంత్రం పొగ:
ఆకారం పేరు చూసి గిన్నె లోపలి గుంతని ఊహించుకోవద్దు, కొలవండి. బ్యారన్‌లో వేడితో ఆరబెట్టిన వర్జీనియా ఆకులో చక్కెర ఎక్కువ. గుంటూరు, ఒంగోలు పక్క పండే ఆకైనా అంతే. గబగబా లాగితే వేడెక్కి నాలుక చురుక్కుమంటుంది. వెడల్పు 17-18 మి.మీ., లోతు 38-40 మి.మీ. ఉన్న గుంతలో నిప్పు చిన్నదిగా ఉండి నిదానంగా దిగుతుంది. ఫ్లేక్ ముక్కని మడిచి కూరడానికీ ఈ సన్నటి గుంత బాగా కుదురుతుంది. లటాకియా (పొగ పట్టించి ఆరబెట్టిన ఆకు) కలిసిన మిశ్రమాలైతే 20-22 మి.మీ. నేను ఇష్టపడతాను.

వెర్నియర్ లేకపోతే 2019 నుంచి వస్తున్న రూపాయి బిళ్ళ వాడండి, దాని వెడల్పు 20 మి.మీ. గిన్నె మూతి మీద పెట్టినప్పుడు లోపలికి జారిందంటే మీ ఫ్లేక్‌కి అది పెద్ద గుంత.

డబ్లిన్ గుంత గరాటులా కిందికి సన్నబడుతుంది. చివరికొచ్చేకొద్దీ రుచి చిక్కబడుతుంది, నాకు అందుకే ఇష్టం. కానీ అడుగున గట్టిగా కూరితే దమ్ము ఆడదు. కింది మూడో వంతు వదులుగా, చిటికెలతో జారవిడవండి. గిన్నె లోపల పేరుకునే మసిపొర 1-1.5 మి.మీ. దాటితే గీకాలి, లేకపోతే వేడికి అది ఉబ్బి గిన్నెని పగలగొడుతుంది. అయితే నిలువు బ్లేళ్ళ రీమర్ (మసి గీకే పనిముట్టు) డబ్లిన్‌కి పనికిరాదు, కింద చెక్కనే కోసేస్తుంది. సన్నటి గుండ్రటి పుల్లకి గరుకు కాగితం చుట్టి, నెమ్మదిగా తిప్పండి.

పొగాకు మడి:
చాలా ఉపయోగపడ్డాయి. బెంట్ అనగానే అందరూ పీటర్సన్ కంపెనీ సిస్టమ్ పైప్ పేరే చెప్తున్నారు. అందులో క్లీనర్ గిన్నె దాకా రాదట. మరి అది లోపమేనా?

బ్రయర్ ముడి:
కాదండీ, అది కావాలని చేసిందే. చార్లెస్ పీటర్సన్ 1890లో పేటెంట్ తీసుకున్న పద్ధతి అది. షాంక్ లోపల పొగ రంధ్రానికి దిగువన చిన్న గుంట ఉంటుంది, తడి అందులోకి కారుతుంది. క్లీనర్ కూడా ఆ గుంటలోకే దిగబడుతుంది. షాంక్ మూతికి లోహపు కట్టు ఉండి, స్టెమ్ ఊరికే ఒత్తితే బిగుస్తుంది కనుక వేడి మీద తీసినా ఫర్వాలేదు. తాగడం అయిపోగానే స్టెమ్ తీసి, తడి బయటికి విదిలించి, మెత్తటి కాగితాన్ని వత్తిలా చుట్టి గుంటలో తిప్పండి. రెండు రోజులు మర్చిపోతే పులిసిన వాసన పడుతుంది, ఆ తర్వాత ఏ పొగాకు వేసినా అదే రుచి వస్తుంది.

కాకపోతే వీటిలో చాలావాటి బరువు 50 గ్రాములు దాటుతుంది. మీ దవడ కోసమైతే మామూలు సగం బెంటే చూడండి. 40 గ్రాముల లోపు, 18 మి.మీ. గుంత, క్లీనర్ సాఫీగా దూరాలి.