సమస్య: రైటు రైటు కాదు రైటు రైటు

అమలాపురం మాస్టారు (సమస్య ఇచ్చినవారు):
ఈసారి ఆటవెలది. నాలుగో పాదం నాది, పై మూడూ మీవి. గణాల (అక్షరాల గుంపుల) బెంగ అక్కర్లేదు, నా పాదంలో అయిదూ సూర్యగణాలే (రైటు, కాదు లాంటి పొట్టి గణాలు), యతి (పాదం మొదటి అక్షరానికీ నాలుగో గణం మొదటి అక్షరానికీ పొత్తు) రైకి రై. చిక్కంతా అర్థంలోనే ఉంది.

ఇంగ్లీషులో రైట్ అని పలికే మాటలు నాలుగున్నాయి. ఆర్‌తో మొదలై మధ్యలో జి, హెచ్ ఉన్నదానికి సరైనది, కుడి, హక్కు అని అర్థాలు. డబ్ల్యుతో మొదలై ఇతో ముగిసేది రాయడం. ఆర్‌తో మొదలై ఇతో ముగిసేది క్రతువు. డబ్ల్యు, జి, హెచ్ మూడూ ఉన్నది పనివాడు. దీన్ని ఇప్పుడు ఒంటరిగా వాడరు, వేరే మాటకి చివర తగిలిస్తారు. ఒకప్పుడు ఇంగ్లీషువాళ్ళు ఆ డబ్ల్యుని పలికేవారు, జిహెచ్‌ని గొంతులోంచి ఖకారంలా గీరేవారు. నోరు వదిలేసినా స్పెల్లింగు వదల్లేదు.

పద్యానికి స్పెల్లింగు లేదు, చెవే గతి. ఏ రైటు ఏదో వింటేనే తెలియాలి, లేదంటే పూరణ ఓడినట్టే.

పెనుగొండ టీచరమ్మ:

చేతితోడ రాయు చేతకొక్కటి రైటు
తప్పు కానిదనగ తప్పదొకటి
చెవికి నొకటెయైన చిత్రమే లిపిలోన
రైటు రైటు కాదు రైటు రైటు

అమలాపురం మాస్టారు:
యతులు శుభ్రంగా ఉన్నాయమ్మా. ‘రాయు చేత’ అనడం, ‘తప్పు కానిది తప్పదు’ అనడం ముచ్చటగా ఉన్నాయి. కానీ నేను పైన వచనంలో చెప్పిందే మీరు పద్యంలో చెప్పారు. వివరణ వచ్చింది, సందర్భం రాలేదు.

పెనుగొండ టీచరమ్మ:
డిక్టేషన్ చెప్పే నోరు కదా మాస్టారూ, వివరణే వస్తుంది. ‘రైట్ ద రైట్ ఆన్సర్’ అంటే క్లాసులో సగంమంది రెండుచోట్లా ఒకటే రాసేస్తారు. ఆ కోపంలోంచే పుట్టిందీ పద్యం.

రావులపాలెం కుర్రాడు:

బస్సులోన నిలచి పలికె కండక్టరు
కుడికి తిప్పుమనుట కాదు బాబు
కాల్వగట్టుమీద కదలుమన్నది మాట
రైటు రైటు కాదు రైటు రైటు

భీమవరం అక్కయ్య:
పద్యం చదవగానే నవ్వొచ్చింది తమ్ముడూ. కానీ రెండో పాదంలో యతి పోయింది. కు దగ్గర మొదలుపెట్టి నాలుగో గణంలో కా వేశావు. ఉకారానికి ఉ, ఊ, ఒ, ఓ పనికొస్తాయి గానీ ఆకారం కుదరదు. ఇలా మార్చి చూడు:

కుడికి తిప్పినావొ కొంప మునుగు

కుకీ కొకీ యతి సరిపోయింది. కాలువ కుడిపక్కనే ఉందనుకుంటే కొంప నిజంగానే మునుగుతుంది!

రావులపాలెం కుర్రాడు:
ఆయ్, పెట్టేసుకున్నానండి అక్కా. మొదటి పాదంలో బకి ప వేశాను, అది పరవాలేదా?

భీమవరం అక్కయ్య:
ప, ఫ, బ, భ ఒక వర్గమే, భేషుగ్గా చెల్లుతుంది.

తాళ్ళరేవు పాఠకుడు:
పూరణ బాగుంది గానీ చిన్న అభ్యంతరం. కండక్టరు అరిచే రైటూ, కుడి అనే రైటూ స్పెల్లింగుతో సహా ఒకే మాట. నానార్థం చూపించారు తప్ప వేరే మాట తేలేదు. మాస్టారు నాలుగు మాటలు ఇచ్చారు కదా, నేను నాలుగోదాన్ని పట్టుకున్నాను.

ఓడ చేయునట్టి యొజ్జ షిప్రైటన్న
నాటకమ్ము కట్టు నాథుడెవరు?
వట్టి రాతగాడు వాడు కాడందురు
రైటు రైటు కాదు రైటు రైటు

షిప్‌రైట్ అంటే ఓడలు కట్టేవాడు. మా తాళ్ళరేవు, కోరంగి వైపు ఈ పనికి పాతకాలం నుంచీ పేరుంది. నాటకం రాసేవాణ్ణి ప్లేరైట్ అంటారు. రాస్తాడు కదా అని చివర రాయడం తాలూకు స్పెల్లింగు పెడితే తప్పు, పనివాడి స్పెల్లింగే పెట్టాలి. ఓడలాగే నాటకాన్నీ కడతారన్నమాట.

అమలాపురం మాస్టారు:
‘కట్టు’ అనే క్రియ ఓడకీ నాటకానికీ రెండింటికీ సరిపోయింది, అది మీ అదృష్టమో నేర్పో! ‘వట్టి రాతగాడు’ వినగానే మొదటి రైటు ఏదో తెలిసిపోతోంది. షిప్రైటు అన్న మాట తెలియనివాళ్ళకి మాత్రం మొదటి పాదం దగ్గరే బండి ఆగుతుంది.

ముమ్మిడివరం కౌలు రైతు:
నాకు ఛందస్సు కొత్త. దిద్ది పెట్టండి.

రైతు మాట వారు రయటంచు పలికిరి
అల్లరన్న దాని కదియె పలుకు
హక్కుపత్రమడుగ నల్లరి యందురా
రైటు రైటు కాదు రైటు రైటు

భీమవరం అక్కయ్య:
దిద్దడానికేమీ లేదండీ, హకి అ యతి చెల్లుతుంది. ఇంగ్లీషు నిఘంటువుల్లో రైతు అనే మాట ఉంది, దాన్ని రయట్ అంటారు. అల్లర్లకి వాడే మాటనీ అచ్చం అలాగే పలుకుతారు. ఈ రెంటినీ ఒకచోట కూర్చడం ఇక్కడ ఎవరికీ తట్టలేదు. ఒక్క సందేహం, చివరి పాదంలో మొదటి రైటు ఏది?

ముమ్మిడివరం కౌలు రైతు:
రాయడమండి. కాగితం మీద రాసింది హక్కు కాదు, చేతికొచ్చిందే హక్కు. 2019లో సాగుదారుల హక్కుల చట్టం వచ్చింది, అందులో కార్డు రాసిస్తారు. దానికి భూమి యజమాని సంతకం కావాలి. సంతకం పెట్టమని అడిగితే పొలమే ఇవ్వనంటాడేమోనని భయం. 2011లో మా కోనసీమ రైతులు క్రాప్ హాలిడే (పంట వెయ్యం) అన్నప్పుడు ఆ ఇంగ్లీషు మాట అందరి నోటా వినబడింది. ఈ చట్టం చెప్పే ‘రైట్స్’ మాత్రం ఇంకా కాగితం మీదే ఉంది.

అమలాపురం మాస్టారు:
ఇంత అర్థం నా పాదంలో ఉందని నాకే తెలియదు. అయితే అది పద్యంలోంచి వినబడలేదు, మీరు చెబితే తెలిసింది. మూడో పాదంలో రాత ప్రస్తావన ఒక్కటి పడితే నిలబడిపోతుంది. నేను పెట్టిన షరతు ప్రకారం ఈసారికి తాళ్ళరేవుదే పైచేయి. మనసు మాత్రం ముమ్మిడివరం వైపే ఉంది.

క్రతువు రైటుని ఎవరూ ముట్టుకోలేదు. గోదావరి పుష్కరాలు 2027లో ఉన్నాయి, అప్పటికైనా ఎవరైనా రాస్తారేమో చూద్దాం.

వచ్చే సమస్య, ఇదీ ఆటవెలదే:

పందికొక్కు పోయి ఫారినయ్యె

ఇంగ్లీషులో బ్యాండికూట్ అనే మాటకి మన పందికొక్కే మూలం. తర్వాత ఆస్ట్రేలియాలో పొట్టకి సంచి ఉండే వేరే జంతువుకీ ఆ పేరే పెట్టేశారు. కానివ్వండి.

ముమ్మిడివరం కౌలు రైతు:
టిక్కెట్టు ఎవరు పెట్టుకుంటారో చెప్పండి మాస్టారూ, మా గట్ల కింద ఉన్నవాటిని కూడా పంపించేస్తాను.