నెత్తళ్లా, మెత్తళ్లా?

మాది భీమవరం దగ్గర పల్లెటూరు. ఎండు చేపల్లో ఆ సన్నటి వాటిని మా ఇంట్లో మెత్తళ్లు అంటారు. పెళ్లయి భీమిలి వచ్చాక మా అత్తగారు "నెత్తళ్లమ్మా, మెత్తళ్లేమిటి" అని దిద్దారు. పదిహేనేళ్లయినా నా నోటికి మెత్తళ్లే వస్తోంది. ఏది ఒప్పు? ఒక్క చేపను చూపించి చెప్పాలంటే ఏమనాలి?

*

అమ్మా, మీ రెండో ప్రశ్నతో మొదలుపెడతాను. మొదటిదానికి జవాబు అందులోనే దొరుకుతుంది.

రోకలి – రోకళ్లు. వాకిలి – వాకిళ్లు. కౌగిలి – కౌగిళ్లు. ఈ వరసలో నిలబెడితే నెత్తళ్లకు ఏకవచనం నెత్తలి కావాలి. తమిళులు ఇదే చేపను నెత్తిలి అంటారు, మలయాళంలో నెత్తోలి. మూడు భాషల్లోనూ మొదట 'న' ఉంది కాబట్టి పాత రూపం మీ అత్తగారిదేనని నా నమ్మకం.

ఏకవచనం వాడుకలో ఎందుకు లేదో చేపను చూస్తేనే తెలుస్తుంది. ఒక్క నెత్తలిని ఎవరూ కొనరు, వండరు. సముద్రంలోనూ అది ఒంటరిగా బతకదు. ఎక్కువగా 50 మీటర్ల లోతు లోపలే, ఒడ్డుకు దగ్గరగా గుంపులు గుంపులుగా తిరుగుతుంది. కొన్ని రకాలు నదీముఖాల్లోకి కూడా వస్తాయి. తిండి ప్లాంక్టన్, అంటే నీటిలో కొట్టుకుపోయే సన్నటి జీవులు. వేలెడంత చేపకు నోరు మాత్రం కన్ను దాటి వెనక్కి చీలి ఉంటుంది, పై మూతి కింది దవడ మీదికి ముందుకు వచ్చి ఉంటుంది. గుడ్లు కోలగా ఉండి నీటిలో తేలుతూ ఒకటి రెండు రోజుల్లోనే పొదుగుతాయి. వంజరం లాంటి పెద్ద చేపలకు ఇవే ఆహారం. గుంపుగా ఉండటమే వీటికి ఉన్న రక్ష.

మరి 'మె' ఎక్కడిది? నెత్తలి అన్న మాటలో మనకు ఇవాళ ఏ అర్థమూ వినిపించదు. చేప మాత్రం మెత్తన. తల గిల్లి లాగితే పేగు కూడా దాంతోపాటే వచ్చేస్తుంది, మిగతాదంతా ముల్లు తీయకుండా నమిలేయొచ్చు. అర్థం తెలియని మాటను జనం తెలిసిన మాట దగ్గరికి జరుపుకుంటారు. మెత్తళ్లు అలాగే పుట్టి ఉంటుందని నేను అనుకుంటున్నాను. అంతమాత్రాన తప్పు కాదు. ఒక ప్రాంతం మొత్తం అనే మాటను తప్పనడానికి నాకు మనసొప్పదు.

శాస్త్రంలో ఈ రకాల్లో చాలావాటిని స్టోలెఫోరస్ అన్న ప్రజాతిలో చేర్చారు. గ్రీకులో స్టోలే అంటే ఒంటికి కప్పుకునే వస్త్రం, ఫోరోస్ అంటే ధరించేది. పక్కల పొడుగునా ఉండే వెండి పట్టీని చూసి పెట్టిన పేరది. బతికున్నప్పుడు ఒళ్లు దాదాపు గాజులా ఉంటుంది, ఆ పట్టీ ఒక్కటే తళుక్కుమంటుంది.

పేర్ల మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి చెప్పకుండా ఉండలేను. ప్యాట్రిక్ రస్సెల్ అనే ఆయన విశాఖపట్నంలో సేకరించిన 200 చేపల బొమ్మలతో, చాలావాటికి మనవాళ్లు చెప్పిన పేర్లతోనే 1803లో పుస్తకం వేశాడు. అందులోని 'కానగుర్త' అన్న పేరు తీసుకుని 1816లో ఫ్రెంచి జంతుశాస్త్రవేత్త కువియే ఒక చేపకు శాస్త్రీయ నామం పెట్టాడు. ఇవాళ ప్రపంచమంతా రాస్ట్రెల్లిగర్ కానగుర్త అని రాసేది మన కానాగంతనే. విశాఖ రేవులో ఎవరో జాలరి పలికిన మాట అది. మీ అత్తగారి నోట ఇంకా ఏయే చేపల పేర్లు ఉన్నాయో దయచేసి రాసి పెట్టండి. పలికిన తీరు కూడా రాయండి.

*

చాలా సంతోషమండీ. ఇప్పుడే డబ్బాలోంచి గుప్పెడు తీసి పళ్లెంలో పోశాను. ఎండి వంకర తిరిగినా ఆ వెండి పట్టీ ఇంకా కనిపిస్తోంది. ఇన్నేళ్లుగా తలలు తుంచి, ఇసుక పోయేదాకా వేడి నీళ్లలో కడిగి వంకాయలో వేస్తున్నాను గానీ ఒక్కసారీ గమనించలేదు. అత్తగారికి నెత్తలి అని వినిపిస్తే "ఒక్కదాన్ని ఎవరడుగుతారే" అన్నారు, అచ్చం మీరు రాసినట్టే. పేర్లు రాయడం మొదలుపెట్టాం, పదకొండు అయ్యాయి. కవళ్ల దగ్గర ఆగాం. దానికి ఏకవచనం కవలి అనొచ్చా?