హాంగ్‌జౌ 107 పతకాల్లో ఒలింపిక్స్ దాకా నిలిచేవి ఎన్ని?

లెక్కలమాస్టారు (చర్చ ప్రారంభం):

2023 సెప్టెంబరు 23 నుంచి అక్టోబరు 8 వరకు చైనాలోని హాంగ్‌జౌ నగరంలో జరిగిన 19వ ఆసియా క్రీడల్లో భారత్ 28 స్వర్ణాలు, 38 రజతాలు, 41 కాంస్యాలు గెలిచి నాలుగో స్థానంలో నిలిచిందని ముగింపు నాటి పట్టిక చెప్పింది. అంతకుముందు 2018లో జకార్తాలో మన ఖాతాలో పడినవి 70 పతకాలే కనుక, 'ఈసారి వంద దాటాలి' అన్న నినాదం నెరవేరిందని దేశమంతా సంబరపడింది. పది నెలలు తిరిగేసరికి పారిస్ ఒలింపిక్స్‌లో మనకు దక్కినవి ఒక రజతం, ఐదు కాంస్యాలు మాత్రమే. ఈ రెండు అంకెల మధ్య ఉన్న అగాధాన్ని దురదృష్టంతో పూడ్చడం నాకు సబబుగా తోచడం లేదు.

ఆ 28 స్వర్ణాలను విడదీసి చూడండి. విలువిద్యలో వచ్చిన 5 పూర్తిగా కాంపౌండ్ (కొసలకు కప్పీలు బిగించిన విల్లు) విభాగానివి. షూటింగ్‌లో 5 జట్టు విభాగాలవి. కబడ్డీ 2, క్రికెట్ 2, స్క్వాష్ 2. ఈ 16 స్వర్ణాలు వచ్చిన పోటీల్లో ఒక్కటి కూడా పారిస్‌లో లేదు. మిగిలిన 12లో అథ్లెటిక్స్‌వి 6, షూటింగ్ వ్యక్తిగత విభాగాలవి 2 కాగా, బ్యాడ్మింటన్, హాకీ, టెన్నిస్, గుర్రపు స్వారీలకు ఒక్కొక్కటి చొప్పున దక్కాయి. ఉజ్బెకిస్థాన్ హాంగ్‌జౌలో 22 స్వర్ణాలతో, మొత్తం 71 పతకాలతో మన వెనుకే ఉండిపోయింది. అదే దేశం పారిస్‌లో 8 స్వర్ణాలతో 13 పతకాలు గెలుచుకోగా, అందులో 5 స్వర్ణాలు ఒక్క బాక్సింగ్‌లోనే వచ్చాయి. 107ను ఎదుగుదలకు రుజువుగా చూపేవారు ఈ విషయానికి ఏం జవాబు చెబుతారో తెలుసుకోవాలని ఈ చర్చ మొదలుపెడుతున్నాను.

బెజవాడబాణం:

మాస్టారు గారి విభజనలో తప్పు లేదు గాని, దాని వెనుక ఉన్న భావనతో నాకు పేచీ ఉంది. ఒలింపిక్స్‌లో లేని ఆటలో గెలుపు గెలుపే కాదన్నట్టు మాట్లాడితే, 1951లో ఢిల్లీలో మొదలై తన సొంత చరిత్ర నిర్మించుకున్న ఆసియా క్రీడలు వేరొక పోటీకి సన్నాహక శిబిరంగా మిగిలిపోతాయి. హాంగ్‌జౌలో 40 క్రీడల్లో 481 విభాగాల్లో పోటీలు జరిగితే, పారిస్‌లో జరిగినవి 329 విభాగాలే. ఆసియా ప్రజలు ఆడే ఆటలకు ఆసియా క్రీడల్లో చోటు ఎక్కువగా ఉండడం సహజం.

మా విజయవాడ అమ్మాయి వెన్నం జ్యోతి సురేఖ వ్యక్తిగత, జట్టు, మిశ్రమ జట్టు విభాగాలు మూడింటిలోనూ స్వర్ణాలు గెలిచింది. వ్యక్తిగత ఫైనల్లో కొరియాకు చెందిన సో చేవాన్‌ను 149-145 తేడాతో ఓడించింది. 15 బాణాలకు 150 పాయింట్లు గరిష్ఠమైన పోటీలో 149 సాధించడమంటే ఒకే ఒక్క బాణం పది గీతను తప్పి తొమ్మిదిలో పడిందన్న మాట. కాంపౌండ్‌కు ఒలింపిక్ సంఘం ఇన్నాళ్లూ తలుపు తెరవకపోతే ఆ లోటు ఆమెది కాదు. పైగా ఆ తలుపులు తెరుచుకుంటూనే ఉన్నాయి. హాంగ్‌జౌ క్రీడలు ముగిసిన ఎనిమిది రోజులకే ముంబయిలో జరిగిన సమావేశంలో అంతర్జాతీయ ఒలింపిక్ సంఘం 2028 లాస్ ఏంజెలెస్ క్రీడల్లో క్రికెట్‌ను, స్క్వాష్‌ను చేర్చింది. కాంపౌండ్ మిశ్రమ జట్టు విభాగం కూడా ఆ తర్వాత చేరింది. ఒక సమావేశపు తీర్మానంతో మారిపోయే గీతను పట్టుకుని పతకాలకు విలువ కట్టడం ఎంతవరకు న్యాయం?

లెక్కలమాస్టారు:

జ్యోతి సురేఖ నైపుణ్యాన్ని నేను ప్రశ్నించలేదు, దేశం తన బలాన్ని ఎలా అంచనా వేసుకుంటున్నదన్నదే నా ప్రశ్న. లాస్ ఏంజెలెస్ జాబితాను కూడా జాగ్రత్తగా చదవండి. స్క్వాష్‌లో అక్కడ ఉన్నవి సింగిల్స్ మాత్రమే కాగా మన రెండు స్వర్ణాలు పురుషుల జట్టుకు, మిశ్రమ డబుల్స్‌కు వచ్చినవి. సింగిల్స్‌లో సౌరవ్ ఘోషల్‌కు దక్కింది రజతం. కాంపౌండ్ ఐదింటిలో చోటు దొరికింది ఒక్కదానికే. అంటే 16లో 3 మాత్రమే ఒడ్డుకు చేరతాయి. ఆ మూడింటిలో ఒకటైన పురుషుల క్రికెట్ స్వర్ణం సంగతి మనందరికీ తెలిసిందే: ర్యాంకు పుణ్యమా అని మన జట్టు నేరుగా క్వార్టర్ ఫైనల్లో అడుగుపెట్టి, నేపాల్‌ను, బంగ్లాదేశ్‌ను ఓడించి, అఫ్గానిస్థాన్‌తో ఫైనల్ వర్షార్పణం కాగా మెరుగైన ర్యాంకు ఆధారంగా విజేత అయింది.

కూతగాడు:

మాస్టారు గారూ, 1990 బీజింగ్ క్రీడల్లో భారత్ మొత్తానికి గెలిచిన ఏకైక స్వర్ణం కబడ్డీదే. మీ గీటురాయితో చూస్తే ఆ ఏడాది మనం గెలిచింది సున్నా. కబడ్డీ స్వర్ణం మనకు రాసిపెట్టి ఉంటుందన్న అపోహ కూడా 2018లోనే పోయింది. వరుసగా ఏడుసార్లు గెలిచిన పురుషుల జట్టును సెమీఫైనల్లో, మహిళల జట్టును ఫైనల్లో ఓడించింది ఇరానే. హాంగ్‌జౌలో మహిళల ఫైనల్లో చైనీస్ తైపీపై మనం గట్టెక్కింది 26-25తో, అంటే ఒక్క పాయింటుతో. పురుషుల ఫైనల్ 28-28 వద్ద ఉండగా కెప్టెన్ పవన్ సెహ్రావత్ కూతకు వెళ్లి బరి దాటడంతో, అతని వెంట గీత దాటిన ఇరాన్ ఆటగాళ్లనూ అవుట్‌గా లెక్కించే పాత నియమం వర్తిస్తుందా, కూతకు వెళ్లినవాణ్ని మాత్రమే అవుట్ చేసే కొత్త నియమమా అని అధికారులు తేల్చుకోలేక నిర్ణయాన్ని అటూ ఇటూ మార్చారు. చివరికి 33-29తో మనం గెలిచాం గాని, ఆ గొడవ ఆటకు గౌరవం తెచ్చేది కాదని కబడ్డీ అభిమానిగా చెప్పక తప్పదు.

విశాఖతీరం:

ఇప్పటిదాకా వాదమంతా ఒలింపిక్స్‌లో ఉన్న ఆట, లేని ఆట అన్న గీత చుట్టూ తిరిగింది. నాకు మాత్రం అసలు తేడా ఆ 12 స్వర్ణాల లోపలే ఉన్నట్టు కనిపిస్తోంది. హాంగ్‌జౌలో అత్యధికంగా 29 పతకాలు తెచ్చింది అథ్లెటిక్స్ కనుక దాన్నే తీసుకుందాం.

అడ్డుకర్రలు, నీటి గుంటలు దాటుతూ పరుగెత్తే 3000 మీటర్ల స్టీపుల్‌చేజ్‌లో అవినాశ్ సాబ్లే హాంగ్‌జౌలో 8 నిమిషాల 19.50 సెకన్లలో పరుగు ముగించి ఆసియా క్రీడల రికార్డుతో స్వర్ణం గెలిచాడు. పారిస్ ఫైనల్లో అతను 8 నిమిషాల 14.18 సెకన్లలోనే గమ్యం చేరాడు, అంటే అయిదు సెకన్లకు పైగా వేగంగా పరిగెత్తాడు, కానీ అతనికి దక్కింది పదకొండో స్థానం. పురుషుల 4x400 మీటర్ల రిలే జట్టు హాంగ్‌జౌలో 3 నిమిషాల 1.58 సెకన్లతో స్వర్ణం అందుకుంది. పారిస్‌లో ఒక సెకను తగ్గించి 3 నిమిషాల 0.58 సెకన్లలో ముగించినా హీట్స్ (తొలి రౌండు) దాటలేకపోయింది. వీళ్లు పారిస్‌లో విఫలమయ్యారని రాసిన పత్రికలు గడియారం వైపు చూసి ఉంటే బాగుండేది.

అందరి విషయంలోనూ ఇలాగే జరిగిందని కాదు. జావెలిన్‌లో నీరజ్ చోప్రా హాంగ్‌జౌలో 88.88 మీటర్లు విసిరి స్వర్ణం, పారిస్‌లో 89.45 మీటర్లు విసిరి రజతం తెచ్చాడు. హాంగ్‌జౌలో 87.54 మీటర్లతో అతని వెనుకే రజతం గెలిచిన కిశోర్ జెనా మాత్రం పారిస్ అర్హత పోటీలో 80.73 మీటర్ల వద్దే ఆగిపోయాడు. మా విశాఖపట్నం అమ్మాయి యర్రాజి జ్యోతి 100 మీటర్ల హర్డిల్స్‌లో, పక్క వరుసలోని చైనా అమ్మాయి వు యన్ని తుపాకీ మోతకు ముందే కదలడం వల్ల తలెత్తిన గందరగోళంలో తన మీద కూడా వేటు పడబోతుంటే, అక్కడే నిలబడి వాదించి, పరుగెత్తే అనుమతి సాధించి, 12.91 సెకన్లలో మూడో స్థానంలో ముగించింది. తర్వాత వు యన్నిని అనర్హురాలిగా ప్రకటించడంతో ఆమెకు రజతం దక్కింది. ఆ క్షణంలో ఆమె చూపిన స్థైర్యం నాకు పతకం కన్నా మిన్నగా తోస్తుంది. అదే జ్యోతి పారిస్ హీట్స్‌లో 13.16 సెకన్లు తీసుకుంది. అయితే తన అత్యుత్తమ పరుగు తీసినా అక్కడ 12.33తో గెలిచిన మసాయ్ రసెల్‌కు ఆమె చాలా దూరంలోనే ఉండేది.

కాబట్టి ఆసియా స్వర్ణం అబద్ధమూ కాదు, ఒలింపిక్ పతకానికి హామీ పత్రమూ కాదు. మనం లెక్కపెట్టవలసింది పతకాలను కాదు, ప్రపంచ స్థాయికి మిగిలిన దూరాన్ని సెకన్లలో, మీటర్లలో లెక్కపెట్టాలి.

పాతబంతి:

మీరందరూ గెలిచిన చోట్ల గురించే మాట్లాడుతున్నారు. అసలు ఖాతా తెరవని చోట్ల మాటేమిటి? హాంగ్‌జౌలో ఈతలోనే నలభైకి పైగా స్వర్ణాలు ఉంటే మనకు ఒక్క కాంస్యం కూడా రాలేదు. జూడోలో, తైక్వాండోలో, జిమ్నాస్టిక్స్‌లో, సైక్లింగ్‌లో సున్నా. కరణం మల్లీశ్వరి ఆసియా క్రీడల్లో రజతాలు తెచ్చిన వెయిట్‌లిఫ్టింగ్‌లో కూడా, మీరాబాయి చాను గాయపడి నాలుగో స్థానంతో సరిపెట్టుకోవడంతో, సున్నాయే. 2018లో రెండు స్వర్ణాలు ఇచ్చిన రెజ్లింగ్ ఈసారి ఒక్కటీ ఇవ్వలేదు. ఆ ఏడాది జనవరిలోనూ, మళ్లీ ఏప్రిల్, మే నెలల్లోనూ ఢిల్లీ వీధుల్లో రెజ్లర్లు నిరసన తెలిపి, చివరికి ఆగస్టులో ప్రపంచ సమాఖ్య మన సమాఖ్యను సస్పెండ్ చేసిన తర్వాత, అంతకన్నా ఏమి ఆశించగలం?

ఇక ఫుట్‌బాల్. హైదరాబాద్‌కు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో 1962లో జకార్తాలో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి స్వర్ణం గెలిచిన ఆట ఇది. 2023లో ఆసియా ర్యాంకు చాలదని మొదట జట్టును పంపబోమన్నారు. తర్వాత నియమం సడలించారు. లీగ్ క్లబ్బులు ఆటగాళ్లను వదలకపోవడంతో దొరికినవారితో జట్టు కట్టి, ఆ జట్టు హాంగ్‌జౌ చేరిన మర్నాడే చైనాతో ఆడించి 5-1 తేడాతో ఓడిపోయేలా చేశారు. 107 అన్న అంకె మీద పరిచిన పట్టువస్త్రం కింద ఇవన్నీ కనిపించకుండా పోయాయి.

గురిచూపు:

లెక్కలమాస్టారు గారు పక్కన పెట్టిన షూటింగ్ జట్టు స్వర్ణాల గురించి కొన్ని వాస్తవాలు చెప్పాలి. ఆసియా క్రీడల్లో జట్టు పతకానికి ప్రత్యేకంగా పోటీ ఉండదు. వ్యక్తిగత అర్హత రౌండులో ఒకే దేశానికి చెందిన ముగ్గురు సాధించిన స్కోర్లను కూడి ఆ పతకం ఇస్తారు. హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ 18 ఏళ్లకే నాలుగు పతకాలు తేవడానికి ఈ పద్ధతీ ఒక కారణమే. ఒకే గుళ్లకు రెండు పతకాలు వస్తున్నాయన్న విమర్శలో నిజం ఉంది. అయితే ముగ్గురూ బాగా కాల్చనిదే ఆ మొత్తం రాదు కాబట్టి, దేశంలో ఆ విభాగం ఎంత లోతుగా వేళ్లూనుకుందో అది చెబుతుంది.

ఇక పారిస్ సంగతి. మన ఆరు పతకాల్లో మూడు షూటింగ్‌వే. మను భాకర్ 10 మీటర్ల ఎయిర్ పిస్టల్‌లో, సరబ్‌జోత్ సింగ్‌తో కలిసి మిశ్రమ జట్టు విభాగంలో, స్వప్నిల్ కుసాలే 50 మీటర్ల రైఫిల్ మూడు భంగిమల విభాగంలో కాంస్యాలు గెలిచారు. హాంగ్‌జౌలో ఈ ముగ్గురిలో ఒక్కరికీ వ్యక్తిగత పతకం రాలేదు. సరబ్‌జోత్, స్వప్నిల్ తమ తమ విభాగాల్లో నాలుగో స్థానంలో ఆగిపోయారు. ముగ్గురూ గెలిచిన స్వర్ణాలు మాస్టారు గారు కొట్టివేసిన ఆ జట్టు స్వర్ణాలే. మరోవైపు మూడు భంగిమల మహిళల విభాగంలో ప్రపంచ రికార్డుతో వ్యక్తిగత స్వర్ణం గెలిచి, మీ 12లో చోటు సంపాదించుకున్న సిఫ్ట్ కౌర్ సమ్రా పారిస్ అర్హత రౌండులో 31వ స్థానంలో మిగిలింది. మీ జల్లెడలో నిలిచింది పారిస్‌లో జారిపోయింది, జారిపోయినవే అక్కడ నిలిచాయి.

లెక్కలమాస్టారు:

గురిచూపు గారు చెప్పిన విషయం బలమైనదే, కానీ అది షూటింగ్‌కు వర్తించినంతగా మిగతా 11 స్వర్ణాలకు వర్తించదు. షూటింగ్‌లో జట్టు పోటీ, వ్యక్తిగత పోటీ ఒకే తుపాకీతో, ఒకే దూరం నుంచి, ఒకే గుళ్లతో జరుగుతాయి కాబట్టి ఆ లోతు ఒలింపిక్స్‌కు పనికొచ్చింది. కబడ్డీలో ఉన్న లోతు పారిస్‌లో దేనికి పనికొచ్చింది? విశాఖతీరం గారు ప్రస్తావించిన దూరాన్ని కొలిచి చెప్పే నివేదిక ఏదైనా క్రీడా సమాఖ్యలు తయారుచేస్తే, ప్రతి పతకం పక్కన ఆ ఏడాది ప్రపంచ స్థాయి ప్రమాణాన్ని రాస్తే, నేను ఈ 16, 12 విభజనను పక్కన పెట్టడానికి సిద్ధమే. జపాన్‌లోని నగోయాలో 2026 ఆసియా క్రీడలకు లక్ష్యం నిర్ణయించేవారు మళ్లీ ఒక మొత్తం అంకెను ప్రకటిస్తే మాత్రం, అందులో ఈతకు, జూడోకు, తైక్వాండోకు ఎన్ని పతకాలు కేటాయించారో ముందు చెప్పమని అడుగుతాను.

పాతబంతి:

ఆ ప్రశ్నలో ఫుట్‌బాల్‌ను కూడా చేర్చండి మాస్టారు గారూ. పతకాలెన్నని కాదు, జట్టును ఎన్ని రోజుల ముందు పంపుతారో చెప్పమనండి చాలు.