ఇంధన సంక్షోభం: సప్లయర్లలో ముందు ఎవర్ని చూడాలి?

ప్రశ్న: కరెంటు, డీజిల్ ధరలు ఎగబాకుతున్నాయి, కోతలూ రావచ్చు. ఫ్యాక్టరీ బిల్లు సంగతి సరే, సప్లయర్ల వైపు ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు 1: ఎంత కొంటున్నారన్నది పక్కనపెట్టి, ఆగితే తిరిగి నడవడానికి ఎంతకాలం పడుతుందో చూసి వాళ్లను వేరు చేయండి. అల్యూమినియం స్మెల్టర్‌కి (లోహాన్ని తీసే ప్లాంటుకి) టన్నుకు దాదాపు 14 మెగావాట్ అవర్లు కావాలి. నాలుగైదు గంటలు కరెంటు పోతే సెల్స్‌లో, అంటే కరిగిన లోహం ఉండే తొట్లలో, లోహం గడ్డకడుతుంది, మళ్లీ మొదలవడానికి నెలలు. గాజు ఫర్నేసూ అంతే. అదనపు స్టాక్ అలాంటి సరుకుకే పెట్టండి. రెండో సప్లయర్ ఉన్నాడని ధీమా వద్దు. ఇద్దరిదీ ఒకే గ్యాస్ లైనైతే ఒక్కడున్నట్టే.

జవాబు 2: రవాణా కాంట్రాక్టులో ఇంధన సర్‌చార్జి క్లాజు (ఇంధనం ధర మారితే రేటు ఎలా మారాలో చెప్పే షరతు) తీసి చూడండి. బేస్ ధర, ఏ ఇంధన ధరల సూచీని బట్టి, ఎన్నాళ్లకోసారి సవరణ, మూడూ ఉండాలి. తగ్గింపు కూడా రాయించుకోకపోతే రేటు ఎక్కుతుందే గానీ దిగదు. ఓడ వేగం 10% తగ్గిస్తే ఒక ట్రిప్పుకి ఇంధనం సుమారు 19% మిగులుతుంది, కానీ రోజులు పెరుగుతాయి. సేఫ్టీ స్టాక్ (ఆలస్యాల కోసం దాచుకునే అదనపు సరుకు) లెక్క మార్చకపోతే సరుకు అయిపోతుంది.

ప్రశ్న అడిగినవారు: గ్యాస్ లైన్ మాట నిజమే, మేం చూడలేదు. ప్లాంటులో ఈ వారమే చేయగలిగేది?

జవాబు 3: కంప్రెస్డ్ ఎయిర్, అంటే యంత్రాలకు కంప్రెసర్ పంపే ఒత్తిడి గాలి. ముందు లీకులు మూయండి, తర్వాత ప్రెషర్ 1 బార్ దించితే కంప్రెసర్ కరెంటు దాదాపు 7% తగ్గుతుంది. కోతలకు పెట్టుకున్న జనరేటర్‌ను మాత్రం అసలు లోడు మీదే, అంటే ప్లాంటు యంత్రాలు నడిపిస్తూ, పరీక్షించండి.