అప్‌డేట్: తిరుపతిలో పడమర ముఖం స్థలం, కింద షాపు, పైన ఇల్లు

తిరుపతిలో మా 30 అంకణాల (ఇక్కడ అంకణం అంటే 36 చదరపు అడుగులు) పడమర ముఖం స్థలంలో కింద షాపు, పైన ఇల్లు ఎలా కట్టాలని అడిగాను కదా, ప్లాన్ ఖరారైంది. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్.

అసలు టెన్షన్ పడమటి ఎండ గురించే. దక్షిణం వైపు ఎండ పైనుంచి పడుతుంది, సన్‌షేడ్ సరిపోతుంది. సాయంత్రం ఎండ అడ్డంగా గదిలోకి దూరుతుంది, దాన్ని సన్‌షేడ్ ఆపలేదు. అందుకే పై అంతస్తులో మెట్లు, బాత్రూమ్‌లు పడమరకు జరిపి, పడకగదులు తూర్పున పెట్టాం. మెట్ల పక్కన జాలీ గోడ, అంటే గాలి ఆడేలా రంధ్రాలున్న గోడ. షాపు ముందు లోతైన వరండా వస్తుంది. దానివల్ల అద్దెకిచ్చే చోటు కొంత తగ్గినా ఇదే సరైన పని.

రెండోది వాన నీళ్లు. శేషాచలం కొండలు ఉత్తరాన ఉన్నాయి, మా వీధిలో నీళ్లు దక్షిణానికి పారతాయి. వాస్తు ప్రకారం వాలు ఈశాన్యానికే ఉండాలని మామయ్య పట్టుబట్టారు. చివరికి సంపు ఈశాన్యంలో ఉంచి, వాన నీటి కాలువను మాత్రం సహజ వాలుకే వదిలేశాం.

2021 నవంబరు వరద చూసినవాళ్లం కాబట్టి షాపు ఫ్లోరు రోడ్డుకు రెండడుగుల ఎత్తున పెట్టాం. వీల్‌చైర్ ఎక్కాలంటే అడుగు ఎత్తుకు 12 అడుగుల ర్యాంపు కావాలి, అంటే మొత్తం 24 అడుగులు. దాన్ని వరండా పక్కనే మలుపు తిప్పి ఇస్తున్నారు.